కొట్టేసిన ఆ ప్రశ్న మళ్లీ రాయి

అమ్మాయీ,

నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి రాసిన ‘హ్యారీ పాటర్ అండ్ ది ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్’ సమీక్ష అందింది. రెండుసార్లు చదివాను. శుభ్రంగా టైప్ చేసి కాకుండా నోట్‌బుక్ పేజీలనే ఫొటో తీసి పంపడం మంచిదైంది. అసలు విషయం మీరు కొట్టేసిన చోటే దొరికింది.

నవల 1999లో, సినిమా 2004లో వచ్చాయి. పుస్తకంలో ఉండి సినిమాలో లేనివి పద్నాలుగు ఏరి జాబితా వేశావు. పుస్తకం నీకు కంఠతా వచ్చని తెలుస్తూనే ఉంది. కానీ మూడో పేజీలో, పుస్తకం చదవని నీ స్నేహితురాలి చేతిరాతలో, బడిలో ఎవరెక్కడున్నారో చూపే మాయా మ్యాప్ గురించి ఒక్క వాక్యం ఉంది: “ఇంతకీ ఆ మ్యాప్ ఎవరు చేశారు?” దాని మీద నువ్వు అడ్డంగా గీత గీసి, పక్కనే “పుస్తకం చదివితే తెలుస్తుంది” అని రాశావు.

ఆ గీత చూసి నాకు మనసు చివుక్కుమంది. మీ సమీక్షకి ప్రాణం ఆ ప్రశ్నే.

మూనీ, వార్మ్‌టెయిల్, ప్యాడ్‌ఫుట్, ప్రాంగ్స్. మ్యాప్ చేసినవాళ్ల పేర్లుగా ఈ నాలుగూ సినిమాలో వస్తాయి. అవి చిన్నప్పుడు ఒకే బడిలో స్నేహితులైన లూపిన్, పీటర్, సిరియస్, హ్యారీ వాళ్ల నాన్న జేమ్స్ పెట్టుకున్న మారుపేర్లని మాత్రం సినిమా చెప్పదు. జేమ్స్ దుప్పిగా మారగలిగేవాడనీ చెప్పదు. సరస్సు ఒడ్డున హ్యారీ మంత్రదండంలోంచి వెండి వెలుగుతో దుప్పి వచ్చినప్పుడు నీకు కళ్లు చెమర్చాయని రాశావు. ఎందుకు చెమర్చవు? నీకు అక్కడ వాళ్ల నాన్న కనిపించాడు. నీ స్నేహితురాలికి దుప్పి కనిపించింది, అంతే. ఆ దుప్పే ఎందుకో తనకి ఎవరూ చెప్పలేదు. తను అడిగినప్పుడు నువ్వూ చెప్పలేదు.

పుస్తకం చదివినవాళ్లం తెర మీద ఉన్న ఖాళీలన్నీ మనకి తెలియకుండానే పూడ్చేసుకుంటాం. నేనూ ఈ పొరపాటు చేశాను. 2007లో ‘ది గోల్డెన్ కంపాస్’ చూసి బయటికొస్తుంటే, నవల చదవని మా తమ్ముడు “కథ అయిపోయినట్టేనా అక్కా?” అని అడిగాడు. విసుక్కున్నాను. నవల చివర్లో కథానాయిక లైరా స్నేహితుడు రోజర్‌కి జరిగే ఘోరం సినిమాలో లేదు. ఆ చివరి ఘట్టాలు చిత్రీకరించి కూడా తీసేశారు. నేనేమో పుస్తకంలోని ముగింపుని మనసులోనే అతికించుకుని, ఇంటికెళ్లి నిండుగా ఉందని రాసేశాను. వాడి ప్రశ్న ఒక్కటి రాసి ఉంటే ఆ సమీక్ష నిజం చెప్పేది. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇక ఆ పద్నాలుగు సంగతి. ‘పుస్తకంలో ఇలా లేదు’ అన్న దగ్గర ఆగిపోకు. హ్యారీ పాటర్ కథల్లోనే ‘గోబ్లెట్ ఆఫ్ ఫైర్’ చూడు. ప్రమాదకరమైన ఆ పోటీకి పేరు నువ్వే వేశావా అని బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ హ్యారీని ప్రశాంతంగా అడిగినట్టు పుస్తకంలో ఉంటుంది. 2005 సినిమాలో ఆయన ఉరికినట్టు వచ్చి, పిల్లాణ్ణి పట్టుకుని గద్దించి అడుగుతాడు. అభిమానులకి ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు. కోపం సరే, మారిందేమిటి? పుస్తకంలో పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు అనుమానిస్తుంటే, తొణకని మనిషి ఒక్కడు ఉన్నాడు. ఆ ఒక్కడే వాడికి నీడ. సినిమాలో ఆయనా బెదిరిపోయాడు, కాబట్టి పిల్లాడు పూర్తిగా ఒంటరివాడయ్యాడు. దర్శకుడు కోరుకున్నది ఆ ఒంటరితనమేనేమో. నాకైతే ఒప్పుదల కాలేదు, ఆ నీడ ఉండాల్సిందే అనిపిస్తుంది. నువ్వు మరోలా అనుకోవచ్చు. కానీ ఇలా ఒక్క మార్పుని పట్టుకుని లోపలికి దిగితే, పద్నాలుగు అంశాల జాబితా చెప్పలేనిది చెప్పగలవు.

ఇంకో నవలల వరుసలోని కథానాయకుడు పెర్సీ జాక్సన్ వయసు గురించి నువ్వు రాసిన ముక్క కూడా అలాగే సగంలో ఆగింది. నవలలో పన్నెండేళ్లవాణ్ణి 2010 సినిమాలో పెద్దవాణ్ణి చేశారన్నావు, నిజమే. అయితే ఏం పోయింది? అయిదు నవలల భయమంతా వాడి పదహారో పుట్టినరోజు చుట్టూ తిరుగుతుంది. వాడు మొదటే పెద్దవాడైతే ఆ ఎదురుచూపు ఎక్కడుంటుంది? 2023లో వచ్చిన సిరీస్ వాణ్ణి మళ్లీ పన్నెండేళ్లవాణ్ణి చేసింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి రాయి.

ఇంకొకటి. సమీక్ష నిండా ‘మాకు అనిపించింది’ అని ఉంది. ఎవరికమ్మా? చదివినంతసేపూ నీ గొంతే వినిపించింది. సినిమా అయ్యాక మాట్లాడుకోకండి. చెరో పేజీ రాసుకున్నాకే మార్చుకోండి. మాట కలవని చోట కలపడానికి చూడకుండా ఇద్దరి పేర్లతో అలాగే ఉంచండి. వాదించుకున్నాక తను నీ మాటకి ఒప్పుకుంటే, ఏ మాటకి ఒప్పుకుందో రాయి. నువ్వు ఒప్పుకుంటే అదీ రాయి.

తర్వాత ‘ఎరగాన్’ చూస్తామన్నారు కదా, 2006లో వచ్చింది. పుస్తకం తనకి ముందే ఇవ్వకు, తను ఏం అడుగుతుందో నాకు వినాలని ఉంది. దానికంటే ముందు ఆ మూడో పేజీ మళ్లీ రాసి పంపు. మ్యాప్ ప్రశ్న మొదటి వాక్యంగా ఉండాలి, తన చేతిరాతలోనే.

ఆశీస్సులతో.