అడవి టర్కీలు దొడ్డివైపు వస్తున్నప్పుడు

చి.ల.సౌ. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మీరు కొత్తగా కొన్న పొలంలోకి తెల్లవారగానే 9 అడవి టర్కీలు చెట్ల మీదినుంచి దిగి, నీ కోళ్ల దొడ్డి చుట్టూ తిరిగి పోతున్నాయని రాశావు. పిల్లలు ముచ్చట పడుతున్నారు, రెండు గుప్పిళ్ల మొక్కజొన్నలు చల్లవచ్చునా అని అడిగావు. చల్లవద్దమ్మా. గింజలకు మరిగిన పక్షి వేళ తప్పకుండా వస్తుంది, దాని వెనుకే రకూన్లూ, నక్కల్లాంటి కొయొటీలూ వంటి అడవి జంతువులు వస్తాయి, తడిసి బూజుపట్టిన మొక్కజొన్న ఆ పక్షులకే విషమవుతుంది.

అవి నీ కోళ్లకు జబ్బు తెస్తాయేమోనన్న భయం అర్థం లేనిది కాదు. 2022 నుంచి అమెరికాను వదలని బర్డ్ ఫ్లూను ఎక్కువగా మోసేవి అడవి బాతులు కనుక, చెరువు నీళ్లు మాత్రం కోళ్లకు పెట్టకు. అయితే టర్కీల విషయంలో నేను ఎక్కువగా భయపడేది బ్లాక్‌హెడ్ అనే వ్యాధికి. అది మన కోళ్ల నుంచే వాటికి చేరుతుంది. కోడి పేగులో ఉండే ఒక సన్నని పురుగు గుడ్లలో ఆ వ్యాధిక్రిమి దాగి, రెట్టతోపాటు నేలలో పడి, ఏళ్ల తరబడి సజీవంగా ఉంటుంది, వానపాముల్లోకీ చేరుతుంది. కోడికి సాధారణంగా ఏమీ కాదు, ఆ మట్టి గీరి తిన్న టర్కీ బతకడం కష్టం.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. కోళ్లు తిరిగిన దొడ్డిలోనే 6 టర్కీ పిల్లలను వదిలాను. ఒకనాటి ఉదయం ఒక పిల్ల రెక్కలు వాల్చి, కళ్లు మూసుకొని మూలన నిలబడింది. దాని కింద గడ్డి మీద గంధకంలాంటి పచ్చని రెట్ట. పేరులో ఉన్నట్లు తల నల్లబడనైనా లేదు. పది రోజుల్లో నాలుగు పోయాయి. ఆ వ్యాధికి అమెరికాలో వాడుతూ వచ్చిన నైటార్సోన్ అనే మందు ఆమోదాన్ని కూడా 2015 చివర్లో ఉపసంహరించారు, కాబట్టి జాగ్రత్త ఒక్కటే మందు.

నువ్వు పెంచుకుంటున్న మూడు టర్కీలను కోళ్లు ఎన్నడూ తిరగని నేలలోకి మార్చు, అక్కడికి వెళ్లే బూట్లు వేరుగా ఉంచు. దాణా కప్పు కింద పెట్టి, మిగిలినది సాయంత్రమే ఎత్తి, మూత ఉన్న డ్రమ్ములో పోసి, ఒలికిన గింజలు ఊడ్చేయి. పైన వల కట్టు. మార్చి నుంచి మే వరకు అడవి పుంజు నీ టర్కీ పెట్టల కోసం వస్తుంది, పెట్టలు కూడా దాని వెంట అడవి పట్టవచ్చు. ఒకప్పుడు పెంపుడు శాలల్లో పుట్టిన పిల్లలను అడవిలో వదిలితే నిలబడలేదు. నిజమైన అడవి పక్షులను వలలతో పట్టి తరలించాకే, దాదాపు కనుమరుగైన ఈ జాతి తిరిగి పెరిగింది. అందుకే ఆ కలయిక నాకు ఇష్టం లేదు.

పుంజు మీదికి వస్తే వెనుకడుగు వేయకుండా గొడుగు తెరిచి అదిలించు. పొదిగే అడవి టర్కీ పెట్ట కనబడితే పిల్లలను 28 రోజులు ఆ వైపు వెళ్లనీయకు. గుడ్లు తెచ్చి కోడి కింద పెట్టడం చట్టవిరుద్ధం కూడా.

వల కట్టగానే ఫొటో పంపు, ఎక్కడ వదులుగా ఉందో చూసి చెబుతాను.

మామయ్య