ఈ-శ్రమ్ కార్డు ఉంటే డెలివరీ బాయ్స్‌కి పీఎఫ్ జమ అవుతుందా?

అవదు, ఈ-శ్రమ్ అనేది అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ జాబితా, పొదుపు ఖాతా కాదు.

పీఎఫ్‌కి యజమాని, జీతం రెండూ ఉండాలి. మామూలుగా జీతంలో 12 శాతం కోస్తారు, యజమాని మరో 12 శాతం కలుపుతాడు. యాప్ కంపెనీలు రైడర్‌ను ఉద్యోగిగా కాకుండా ‘పార్ట్‌నర్’గా రాసుకుంటాయి. బండి, పెట్రోలు, రిపేరు మాత్రం ఆ పార్ట్‌నర్‌వే! ఆర్డర్‌కి ఇంత అని ఇచ్చేది జీతం కింద లెక్కకు రాదు కాబట్టి కోతా ఉండదు, జమా ఉండదు.

హన్మకొండలో ఒక సరుకుల యాప్ గోదాము ఉందనుకోండి. అక్కడ నెలకు 15 వేల జీతంతో ప్యాకింగ్ చేసే అబ్బాయి పే స్లిప్‌లో పీఎఫ్, ఈఎస్ఐ కోతలు కనిపించాలి. అతను కట్టిన సంచినే కాజీపేటకు చేర్చే రైడర్‌కి వచ్చే వారం లెక్కలో ఆర్డర్లు, ఇన్సెంటివ్, టిప్పులు తప్ప ఇంకేమీ ఉండవు.

చాలామంది పొరబడేది నంబరు దగ్గర. ఈ-శ్రమ్ కార్డు మీద యూఏఎన్ అనే 12 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, పీఎఫ్‌కీ 12 అంకెల యూఏఎన్ ఉంటుంది. రెండూ వేరు. నిజానికి పీఎఫ్ సభ్యులకు ఈ-శ్రమ్‌లో చేరే అర్హతే లేదు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఒక నిధికి కట్టాలి. అది బీమా, ఆరోగ్యం వంటి పథకాలకు పెట్టే ఉమ్మడి సొమ్ము, ఒక్కో రైడర్ పేరున జమయ్యే పీఎఫ్ కాదు.