విశాఖలో చిన్న పరిశ్రమల వాళ్లకి ఒకరోజు వర్క్‌షాప్ పెడుతున్నాం, ఎలా చేస్తే నిజంగా ఉపయోగపడుతుంది?

సిరిపురం వైపు పెద్ద హాలు తీసుకుని రెండు వందల మందిని పిలుద్దామనుకుంటున్నారు, పేరున్న స్పీకర్ కావాలని అడిగారు. స్పీకర్ని వెతికే ముందు ఒక పని చెయ్యండి. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి వచ్చినవాళ్లు ఏ పని పూర్తి చేసి ఉండాలో ఒక్క వాక్యంలో రాయండి. "వ్యాపారాభివృద్ధి" అని రాస్తే కుదరదు. ఎవరు రావాలో, ఎవరు చెప్పాలో, ఎంత హాలు కావాలో ఆ వాక్యమే తేలుస్తుంది.

నేను గాజువాక ఆటోనగర్ యూనిట్ల వాళ్లకి మా సంఘం తరఫున కొన్నేళ్లుగా ఇలాంటివి ఏర్పాటు చేస్తున్నాను. అన్నిటిలోకి బాగా జరిగింది బకాయిల మీద పెట్టినది. మా వాక్యం ఇది: "ప్రతి ఒక్కరూ తమకి రావలసిన ఒక పాత బిల్లుకి వడ్డీతో సహా లెక్క కట్టి, పంపడానికి సిద్ధంగా ఉత్తరం రాసుకుని వెళ్లాలి."

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమ దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా డబ్బు కట్టాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా కట్టే చక్రవడ్డీ. ఈ సంగతి వేదిక మీద నుంచి గంటసేపు చెప్పొచ్చు, అందరూ శ్రద్ధగా వింటారు కూడా. కానీ మర్నాడు షెడ్డు తలుపు తీశాక ఆ ఉత్తరం రాసే తీరిక ఎవరికుంటుంది? అందుకే అక్కడే రాయించాం.

దీనికి ముందురోజుల పని చాలా ఉంది, ఫలితం సగం పైగా అందులోనే తేలిపోతుంది. పేరిచ్చిన ప్రతివారికీ ఫోన్ చేశాం. బకాయి పడ్డ బిల్లు, దాని పర్చేజ్ ఆర్డరు, సరుకు ముట్టినట్టు సంతకం ఉన్న చలానా, ఉద్యమ్ సర్టిఫికెట్ (ఈ చట్టం కింద యూనిట్ నమోదైనట్టు కాగితం) తెచ్చుకోమన్నాం. ఆ ఫోన్లలోనే ఇంకో విషయం బయటపడింది. పేరిచ్చినవాళ్లలో సరుకు కొని అమ్మే వ్యాపారులూ ఉన్నారు. వాళ్లకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నా అది ప్రాధాన్య రంగ రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకి తప్పనిసరిగా ఇవ్వాల్సిన అప్పుల) వరకే పనికొస్తుంది, ఈ బకాయిల రక్షణ వర్తించదు. అలాంటివాళ్లని రోజంతా కూర్చోబెట్టడం అన్యాయం. విషయం చెప్పి, వాళ్లకి పనికొచ్చేది పెట్టినప్పుడు పిలుస్తామన్నాం. సంఖ్య తగ్గింది. తగ్గనివ్వండి.

"లెక్కలు చూసేది మా ఆవిడండీ" అని ఒకాయనంటే ఆవిణ్ణి కూడా తీసుకురమ్మన్నాం. వాళ్లు కూర్చున్న బల్ల దగ్గర అందరికంటే ముందు లెక్క తేల్చింది ఆవిడే. యజమానిని పిలిస్తే చాలదు, ఆ పని రోజూ చేసేదెవరో వాళ్లు రావాలి.

పొద్దున ముప్పావుగంట మాత్రం చట్టం, మిగతాదంతా గుండ్రటి బల్లల దగ్గర ఐదారుగురేసి కూర్చుని పని. బల్లకో ఆడిటర్ గారో, లాయరు గారో. తెలుగులోనే మాట్లాడమని ముందే కోరాం. అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. ఫాబ్రికేషన్ షాపు నడిపే పెద్దాయన లేచి, "ఇదంతా బాగానే ఉంది గానండీ, పార్టీతో గొడవెట్టుకుంటే రేపు ఆర్డరెవడిస్తాడండీ?" అన్నారు. గదంతా నిశ్శబ్దమైపోయింది, అందరి మనసులోనూ ఉన్నది అదే. లాయరు గారి దగ్గర దీనికి జవాబు లేదు. అదే బల్ల దగ్గరున్న ఇంకో యూనిట్ ఆయన చెప్పారు. ఆర్డరిచ్చే పర్చేజ్ వాళ్లకి రాయకండి, అకౌంట్స్ వాళ్లకి రాయండి, వడ్డీ మాట మొదటి ఉత్తరంలో ఎత్తకండి, 1961 నాటి ఆదాయపన్ను చట్టంలోని 43బి(హెచ్) సెక్షన్ గుర్తుచెయ్యండి అని. 2023-24 నుంచి అమల్లోకొచ్చిన ఆ నిబంధన ప్రకారం, గడువు దాటి మార్చి 31 లోపు కూడా కట్టని బిల్లుని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. కాబట్టి తొందర వాళ్లకే ఉంటుంది. తన బిల్లు ఒకటి అలాగే వచ్చిందని చెప్పారాయన. వెంటనే అన్ని బల్లల దగ్గరా ఉత్తరాలు తిరగరాయడం మొదలైంది.

అందుకే, మీ కార్యక్రమంలో కనీసం సగం సమయం వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వదలండి. పేరున్న స్పీకర్ కంటే, అదే కష్టం పడి బయటపడ్డ మనిషి ప్రతి బల్ల దగ్గరా ఒకరుండేలా చూసుకోండి. జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారిని తప్పకుండా పిలవండి, కానీ ఆయన్నీ బల్ల దగ్గరే కూర్చోమని అడగండి. శాలువాలు, మొమెంటోలు భోజనం ముందు పది నిమిషాల్లో అయిపోతాయి. పొద్దున్నే పెడితే జనం ఉత్సాహంగా ఉన్న గంట వాటికే పోతుంది.

తేదీ దగ్గర జాగ్రత్త. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బి (పన్ను కట్టే రిటర్ను) గడువు. ఆ మధ్యలో పెడితే లెక్కలు చూసేవాళ్లూ రారు, ఆడిటర్లూ దొరకరు. 20 దాటాక, ముహూర్తాలు లేని రోజు చూడండి. ఫిషింగ్ హార్బర్ వాళ్ల కోసమైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పుడు పెట్టండి. చోటు కూడా అంతే, ఆటోనగర్ వాళ్లని పొద్దున తొమ్మిదికి ఎన్ఏడీ జంక్షన్ దాటించి బీచ్ రోడ్డు హోటల్‌కి రప్పిస్తే సగంమంది టిఫిన్ వేళ దాటాకే చేరతారు. వాళ్ల దగ్గరికే వెళ్లండి. రుసుము కొంచెమైనా పెట్టండి, ఉచితమంటే పేరిచ్చి మానేసేవాళ్లు ఎక్కువ.

చివర్లో నింపే ఫీడ్‌బ్యాక్ కాగితాన్ని చూసి సక్సెస్ అనుకోవద్దు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణని నాలుగు మెట్లలో కొలవమన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, తర్వాత పనితీరు మారిందా, దానివల్ల ఫలితం వచ్చిందా. ఆ కాగితం మొదటి మెట్టు దాటదు. మేం నెల తర్వాత అందరికీ మళ్లీ ఫోన్ చేశాం. ఉత్తరం పంపారా, జవాబొచ్చిందా, డబ్బొచ్చిందా, ఈ మూడే అడిగాం. కొందరికి పూర్తిగా వచ్చింది, కొందరికి కొంత. జవాబే రానివాళ్లని ఒక శనివారం మధ్యాహ్నం మా ఆఫీసులోనే కూర్చోబెట్టి, ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఎలా పెట్టాలో చేయించాం. మీరు కూడా ఆ ఫోన్లు ఎవరు చేస్తారో, ఏ వారంలో చేస్తారో హాలు బుక్ చేసే రోజే రాసి పెట్టుకోండి.