చిన్న విమానంలో గాల్లో ఉండగా ఇంజిన్ ఆగిపోతే విమానం రాయిలా పడిపోతుందా?

పడిపోదు, ఇంజిన్ ఆగినా అది గ్లైడర్‌లా (ఇంజిన్ లేని విమానంలా) కిందికి జారుతూ ఎగురుతూనే ఉంటుంది, పైలట్ అదుపులోనే ఉంటుంది. విమానాన్ని గాల్లో నిలిపేది రెక్కల మీదుగా పారే గాలి. అందుకు కావలసిన వేగాన్ని మామూలుగా ఇంజిన్ ఇస్తుంది. అది లేనప్పుడు ముక్కు కాస్త దించి, ఎత్తును ఖర్చుపెట్టి వేగం తెచ్చుకోవాలి.

సెస్నా 172 అనే చిన్న విమానాన్నే తీసుకోండి. నేలకు 5,000 అడుగుల పైన ఇంజిన్ ఆగితే, ఎదురుగాలి లేనప్పుడు దాదాపు 13 కిలోమీటర్లు పోగలదు. పైలట్ ముందు వేగాన్ని మోడల్‌ను బట్టి 65-68 నాట్ల (గంటకు దాదాపు 120-126 కిలోమీటర్ల) దగ్గర నిలుపుతాడు, దిగడానికి చదునైన చోటు ఎంచుకుంటాడు. ఆ తర్వాతే ఇంజిన్ సంగతి. ఈ వరుస తప్పకూడదు. ఇంధనం వాల్వు, మిక్స్చర్ (ఇంధనం-గాలి పాళ్లు మార్చే నాబ్), ఇగ్నిషన్ స్విచ్ చూస్తాడు. కార్బ్యురేటర్ ఉన్న పాత మోడళ్లలో లోపల మంచు పట్టిందేమోనని దానికి వేడిగాలి పంపే కార్బ్ హీట్ నాబ్ బయటికి లాగుతాడు. ఒక్కోసారి ఇంతటితోనే ఇంజిన్ మళ్లీ అందుకుంటుంది. లేదంటే రేడియోలో మేడే (ప్రమాదంలో ఉన్నామనే సంకేతం) చెప్పి, ఎంచుకున్న చోట దించేస్తాడు.

ముక్కు పైకెత్తి పట్టుకుంటే ఇంకొంచెం దూరం లాక్కెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అలా చేస్తే వేగం పడిపోయి రెక్కలు పట్టు కోల్పోతాయి, అంటే స్టాల్ అవుతుంది. నేలకు దగ్గరలో అలా జరిగితే సరిదిద్దుకునేంత ఎత్తు మిగలదు.