పారిస్ గోడల మీద రసవాద రహస్యాలు నిజంగా ఉన్నాయా?

పారిస్ పాత వీధుల్లో, లోహాలను బంగారంగా మారుస్తుందనే పరుసవేది రహస్యం చెక్కిన ఇల్లు ఒకటుందని విన్నామని, అక్కడ చూడదగినది ఏమైనా ఉందా అని అడిగారు. మోంమొరాన్సీ వీధిలోని 51వ నంబరు ఇంటి ముందు నేనూ ఇదే కుతూహలంతో చాలాసేపు నిలబడ్డాను.

1407లో ఆ ఇంటిని కట్టించిన నికొలా ఫ్లామెల్ వృత్తిరీత్యా లేఖకుడు. పత్రాలు, గ్రంథాలు రాసి ఇచ్చేవాడు. రాంబ్యుతో మెట్రో స్టేషన్ నుండి నడిచి వెళ్లవచ్చు. ఇప్పుడు ఆ ఇంట్లో భోజనశాల నడుస్తోంది. రాతి స్తంభాల మీద వాద్యాలు వాయించే దేవదూతలు, అతడి పేరులోని తొలి అక్షరాలు కనిపిస్తాయి. నేను వెతికిన రహస్యం మాత్రం, వాటికి పైన ఇంటి పొడవునా సాగే ఒక శాసనంగా బయటపడింది. పాత ఫ్రెంచి నాకు రాదు కనుక దాని అనువాదాన్ని పక్కన పెట్టుకుని పదం పదం కూడబలుక్కున్నాను. ఈ ఇంటి వాకిట నివసించే శ్రామిక స్త్రీపురుషులమైన మేము, మరణించిన పేద పాపులను దేవుడు క్షమించాలని కోరుతూ, ప్రతిరోజూ ఒక పరలోక జపము, ఒక మంగళవార్త జపము అనే క్రైస్తవ ప్రార్థనలు చెప్పుకోవలసి ఉన్నదని దాని సారాంశం. పై అంతస్తుల్లో తలదాచుకున్న పేదలు చెల్లించవలసిన అద్దె ఆ ప్రార్థనే. బంగారం చేసే సూత్రం కోసం వెళ్లిన నాకు ఆ వాక్యం ఎంతో గొప్పదిగా తోచింది.

మరి రసవాది అన్న పేరు ఎలా వచ్చింది? ఫ్లామెల్ 1418లో మరణించాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత, 1612లో, అతడి పేరిట అచ్చయిన ఒక గ్రంథం అతడు 1382లో పాదరసాన్ని మొదట వెండిగా, తరువాత బంగారంగా మార్చాడని చెప్పింది. అతడి సంపదకు అంత వింత కారణం అక్కరలేదు: లేఖన వృత్తి, ఇళ్ల స్థలాలు, అంతకుముందే ఇద్దరు భర్తలను కోల్పోయిన భార్య పెర్నెల్ వెంట వచ్చిన ఆస్తి సరిపోతాయి.

వీలుంటే సాన్ జాక్ గోపురం వైపు కూడా వెళ్లండి. ఆ దంపతుల పేర్లు పెట్టిన రెండు వీధులు అక్కడే కలుస్తాయి. ఆపైన నది దాటి క్లూనీ మ్యూజియంలో ఫ్లామెల్ సమాధి ఫలకం తప్పక చూడండి. అందులో క్రీస్తుకు అటూ ఇటూ పేతురు, పౌలు నిలబడి ఉంటారు. వారి నడుమ సూర్యచంద్రులు ఉంటారు. రసవాదులు బంగారం, వెండి అని చదువుకునే చిహ్నాలు అవే. ఫలకం అడుగున మాత్రం కుళ్లుతున్న ఒక శవం పడుకుని ఉంటుంది.