పక్కింటి నెట్ కేబుల్ మా డాబా మీద

ప్రశ్న: మాది కాకినాడ. రెండు నెలల క్రితం మా పక్కింటి మాస్టారు నెట్ కనెక్షన్ పెట్టించుకున్నారు. కేబుల్ వేయడానికి వచ్చిన కుర్రాడు వీధి స్తంభం నుంచి తిన్నగా వాళ్లింటికి లాగకుండా మా డాబా మీదుగా తీసుకెళ్లాడు. అప్పుడు మేం ఊళ్లో లేము. మా పిట్టగోడకి మేకు కొట్టి దానికి చుట్టాడు, మిగిలిన తీగంతా చుట్టగా చుట్టి మా కరెంటు సర్వీసు వైరుకి కట్టేసి పోయాడు. బట్టలారేసే దండేనికీ దానికీ మధ్య జానెడు దూరం లేదు. మాస్టారికి డెబ్బై దాటాయి, కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, రోజూ పొద్దున్నే మనవరాలితో వీడియో కాల్ మాట్లాడితే గానీ కాఫీ తాగరు. ఆయన్ని అడిగితే “ఫోన్ చేశానమ్మా, వస్తానంటున్నాడు” అంటారు. మావారేమో కత్తిరించి పారేస్తానంటున్నారు. ఆ ఇంటితో ఇరవై ఏళ్ల స్నేహం మాది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి చేతిలోంచి ఆ కటింగ్ ప్లేయర్ తీసుకుని లోపల పెట్టేయండి. మాస్టారితో మాట పోతుందని మాత్రమే కాదు, ఆ తీగని ఇప్పుడు ముట్టుకోవడమే ప్రమాదం.

ఫైబర్‌లో కరెంటు ఉండదు కదా అని చాలామంది అంటారు. నిజమే, లోపలున్న సన్నటి గాజు పోగులో వెళ్లేది వెలుగే. కానీ స్తంభం నుంచి ఇంటికి లాగే ఆ నల్లటి కేబుల్ బరువుకి తెగిపోకుండా పక్కనే చాలాసార్లు ఉక్కు తీగ ఒకటి పెడతారు. ఆ కేబుల్ కుర్రాడు కట్టిన చుట్ట గాలికి ఊగుతూ సర్వీసు వైరుని రాస్తూ ఉంటుంది. ఎండకి పెళుసెక్కిన ఇన్సులేషన్ అలా కొన్నాళ్లు రాసుకుంటే చాలు, లోపలి లోహం బయటపడి, ఆ ఉక్కు తీగ పొడవునా కరెంటు పాకుతుంది. మీ పిట్టగోడ మేకు దాకా, ఆ పక్కన తడిబట్టలు ఆరేసే మీ చేతి దాకా. అందుకే డాబా మీదుగా వచ్చిన దారి సంగతి వారం ఆగినా ఫర్వాలేదు గానీ సర్వీసు వైరు మీదున్న చుట్ట మాత్రం ఈరోజే తీయించాలి. అంతవరకూ బట్టలు వేరేచోట ఆరేసుకోండి, పిల్లల్ని అటు పోనివ్వకండి.

1912కి ఫోన్ చేయండి, కరెంటు ఫిర్యాదుల నంబరు అది. “నెట్ కేబుల్ గురించండీ” అని మొదలుపెడితే అది మా పని కాదంటారేమో, కాబట్టి “మా సర్వీసు వైరుకి వేరే తీగ కట్టి ఉంది, రాసుకుంటోంది, భయంగా ఉంది” అని ఉన్నదున్నట్టు చెప్పండి. బిల్లు మీదుండే సర్వీసు నంబరు దగ్గర పెట్టుకోండి. లైన్‌మన్ వచ్చి సప్లై ఆపాకే ఆ కట్టు విప్పాలి, నిచ్చెన వేసుకుని మీరెవరూ ఎక్కొద్దు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ స్తంభాల మీద వేలాడే కేబుళ్లని పెద్ద ఎత్తున తొలగించడం మొదలుపెట్టారు. మనం రోజూ చూసి అలవాటుపడిపోయిన తీగలే అవి, అదే నాకు బాధ.

ఇక దారి సంగతి. మీ డాబా మీద లైన్ వేయాలంటే మీ అనుమతి కావాలి, 2023 టెలికం చట్టం కూడా ప్రైవేటు స్థలమైతే యజమానితో ఒప్పందం చేసుకోమనే చెబుతోంది. అయితే ఈ మాట మాస్టారి ముందు చట్టంలా కాకుండా మామూలుగా చెప్పండి, ఆయన తప్పేం లేదు. “వస్తానంటున్నాడు” అంటున్నది బహుశా ఆ కుర్రాడి సొంత సెల్ నంబరుకి చేసిన ఫోన్ గురించే అయ్యుంటుంది. దానికి రికార్డు ఉండదు. ఓ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, ఆయన ఫోన్ నుంచే కంపెనీ కస్టమర్ కేర్‌కి చేయించండి. కనెక్షన్ ఆయన పేరున ఉంది కాబట్టి ఫిర్యాదు ఆయన చేస్తేనే నిలుస్తుంది. డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే నంబరు) అడిగి తీసుకుని గోడ క్యాలెండర్ మీద తేదీ వేసి రాయించండి. వాళ్లు చెప్పిన గడువు దాటినా ఎవరూ రాకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీల్ అథారిటీకి వెళ్లొచ్చు, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో ఉంది. ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

కుర్రాడు వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉండాలి. మార్చే పని పొద్దుటి కాల్ అయ్యాక పెట్టుకోమనండి, మాస్టారు ఆ ఒక్క పూటా నెట్ లేదని దిగులు పడకుండా. స్తంభం నుంచి తిన్నగా ఆయన గోడకే లాగమనండి, ఎత్తు చాలకపోతే అక్కడో జీఐ పైపు నిలబెట్టుకోవచ్చు. గోడకి కన్నం వేసేటప్పుడు బయటివైపు కిందికి వాలి ఉందో లేదో చూడండి. లోపలికి వాలిందంటే వానాకాలం నీళ్లు తీగ వెంబడే దిగి మాస్టారి టీవీ వెనకాల గోడంతా చెమ్మ పడుతుంది. కన్నంలోకి వెళ్లేముందు తీగ కాస్త కిందికి జారి మళ్లీ పైకి లేచేలా వదలాలి, వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మిగిలిన తీగని గాజంత సైజులో బిగించి చుట్టనివ్వకండి. టిఫిన్ పళ్లెమంత వెడల్పున, వదులుగా ఉండాలి. మరీ బిగుతు వంపులోంచి వెలుగు బయటికి కారిపోతుంది, ఇంట్లోని నెట్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందట్లేదని) అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు మిణుకుమంటుంది, మనవరాలి బొమ్మ ఆగిపోతుంది. మీ పిట్టగోడ మేకు దగ్గరున్న మెలిక వల్ల ఇప్పటికే అలా అవుతోందేమో ఆయన్ని అడిగి చూడండి. అవుతోందంటే ఈ మార్పు మీకన్నా ఆయనకే ఎక్కువ అవసరం. ఇంకోటి, పని జరుగుతుండగా విప్పిన తీగ చివర ఎవరూ కళ్లు పెట్టి చూడొద్దు. అందులో వచ్చేది కంటికి కనపడని వెలుగు, కంటికి హాని.

మధ్యలో కొబ్బరిచెట్లో మరొకటో ఉండి తిన్నగా లాగడం కుదరదంటే, నేనైతే దారి ఇస్తాను. చెయ్యెత్తినా అందనంత ఎత్తున, సర్వీసు వైరుకీ దండేనికీ బాగా దూరంగా, పిట్టగోడకి మేకు లేకుండా వేయాలి. డాబా మీద గది కట్టుకున్న రోజున తీసేస్తామని ఓ కాగితం రాయించుకోండి. ఆ మేకు పీకేసిన కన్నంలో సిమెంటు పూడ్చాకే కుర్రాణ్ణి పంపించండి.