నమిలే శక్తికి పరీక్షలున్నాయి, ముందు ఆ బరువు సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. షుగర్ ఉంది. కుడివైపు దవడ పళ్లు రెండు తీయించుకున్నాక ముద్ద సరిగా నమలకుండా మింగేస్తున్నారు. మూడు నెలల్లో 4 కిలోలు తగ్గారు. పళ్ల నొప్పి వస్తే మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటున్నారు. ముద్దను 32 సార్లు నమలాలంటారు, నిజమేనా? ఎంత బాగా నములుతున్నారో కొలిచే పరీక్ష ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పరీక్షలు ఉన్నాయమ్మా. రెండు రంగుల చూయింగ్ గమ్ ఇచ్చి 20 సార్లు నమిలిస్తారు. రంగులు ఎంత బాగా కలిస్తే అంత బాగా నములుతున్నట్టు. జపాన్‌లో పెద్దవాళ్లకు గ్లూకోజ్ కలిపిన జెల్లీ ముక్కను 20 సెకన్లు నమిలించి, నీళ్లతో పుక్కిలించి ఉమ్మమంటారు. ఆ నీటిలో గ్లూకోజ్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే నమిలే శక్తి తగ్గినట్టు లెక్క. పూర్వం పల్లీలు నమిలించి, ఉమ్మించి, జల్లెడ పట్టి చూసేవారు. ఇంట్లో మాత్రం పల్లీలతో ప్రయత్నించకండి, నమలలేని వాళ్లకు పలుకు ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. 32 అనే లెక్కకు ఆధారం లేదు. పెరుగన్నానికీ జొన్నరొట్టెకీ ఒకటే లెక్క ఎలా కుదురుతుంది?

అసలు మీ నాన్నగారికి ఈ కొలతలతో పనిలేదు. నమలలేకపోతున్నారని మీకే తెలుస్తోంది. మూడు నెలల్లో 4 కిలోలు తగ్గడం, అదీ షుగర్ ఉన్న మనిషి, నాకు ఆందోళనగా ఉంది. ఇన్నాళ్లు ఆగకుండా ఉండాల్సింది. నమలలేక జావ, మెత్తటి అన్నంతో సరిపెట్టుకుంటే ప్రొటీన్ తగ్గిపోతుంది, షుగర్ పెరుగుతుంది. షుగర్ అదుపు తప్పినా బరువు తగ్గుతుంది, చిగుళ్లు పాడై మిగిలిన పళ్లు కదులుతాయి. చూడకుండా ఇదే కారణమని నేను చెప్పలేను.

ఇక ఆ మాత్రలు. ఏ మాత్రో మీరు రాయలేదు, ఆయనకైనా తెలుసో లేదో. నొప్పి మాత్రల్లో చాలావాటిని ఇలా తరచూ వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. షుగర్‌కు తోడు బీపీ కూడా ఉంటే ఇంకా ప్రమాదం. పైగా నొప్పి తగ్గగానే డెంటిస్టు దగ్గరికి వెళ్లే పని వాయిదా పడుతుంది. లోపల చీము పెరుగుతున్నా, చెంప లోపల పుండు ఉన్నా తెలియదు. దయచేసి ఈ రోజే ఆపించండి. షుగర్ మాత్రలు మాత్రం ఆపకండి.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించి మూడు నెలల షుగర్ సగటు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. వేసుకున్న మాత్రల ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. డెంటిస్టుకు మిగతా పళ్లు, చిగుళ్లు, నాలుక కింద భాగం అన్నీ చూపించండి. కట్టుడు పళ్ల సంగతి ఆయనే చెబుతారు. వక్క, గుట్కా, ఖైనీ అలవాటుంటే దాచొద్దు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఉంటే అక్కడి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) అవసరం కావచ్చు. ముద్ద గొంతులోనో గుండెల దగ్గరో ఆగుతోందన్నా, నీళ్లు తాగినా పొలమారుతున్నా వారం కూడా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.